క్రాస్ స్టిచ్‌లో తప్పు దొరికితే: వెతకడం, విప్పడం, రాసుకోవడం

క్రాస్ స్టిచ్ అంటే గుడ్డ గడుల్లో X ఆకారపు కుట్లు వేస్తూ బొమ్మ కుట్టడం. అలాంటి ఒక బొమ్మ చుట్టూ తీగ బోర్డరు కుడుతున్నాను. ఎడమ పక్క పై మూలలో మొదలుపెట్టి, పైభాగం, కుడి పక్క, కింది భాగం ముగించి, మళ్ళీ ఎడమ పక్కగా పైకి వచ్చాను. పదకొండు రోజుల పని. మొదటి కుట్టు దగ్గరికి చేరేసరికి తీగ కలవలేదు. ఒక్క గడి పైకి పోయింది. వెంటనే ఆ మూల దగ్గరి ఇరవై కుట్లు విప్పి, చార్ట్ (ఏ గడిలో ఏ రంగో చూపే గళ్ళ కాగితం) చూసుకుంటూ మళ్ళీ కుట్టాను. మళ్ళీ అదే ఒక్క గడి. రెండోసారి విప్పేసరికి గుడ్డ నలిగింది, తెల్లటి గుడ్డ మీద ఆకుపచ్చ పీచు అంటుకుపోయింది.

తప్పు ఆ మూలలో లేనే లేదు. నాలుగు అంగుళాల కింద, రెండు ఆకుల మధ్య కాడ ఆరు గడులు ఉండాల్సిన చోట ఏడు కుట్టాను. క్రాస్ స్టిచ్‌లో తప్పు కనిపించే చోటు ఒకటి, జరిగిన చోటు ఇంకొకటి. ఎక్కడ జరిగిందో తెలుసుకోకుండా విప్పితే గుడ్డా పాడవుతుంది, మనమూ ఏమీ నేర్చుకోం. అందుకే ఈ మార్గదర్శిలో విప్పడం కంటే వెతకడానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

మొదటి మెట్టు: సూది పక్కన పెట్టండి

తేడా కంటపడగానే కత్తెర అందుకోవద్దు. కుడుతున్న దారాన్ని వదులుగా వదిలి, సూదిని తీసి పిన్ కుషన్‌కు గుచ్చండి. గుడ్డలోనే రోజుల తరబడి వదిలేస్తే సూది తుప్పు మరక పడుతుంది, అది మామూలు ఉతుకుడుకు పోదు. తర్వాత హూప్ (గుడ్డను బిగించి పట్టే గుండ్రటి చట్రం) తీసేసి, గుడ్డను బల్ల మీద పరిచి, రెండడుగులు వెనక్కి జరిగి చూడండి. ఫోన్‌తో ఒక ఫోటో తీసి చూస్తే ఇంకా మంచిది. గుడ్డ మీద ఎంత చూసినా కనపడని వంకర ఫోటోలో ఇట్టే తెలుస్తుంది.

అలసటగా ఉంటే ఆ రోజుకి అక్కడితో ఆపేయండి. టెన్షన్‌లో విప్పే చేయి పక్కనున్న మంచి కుట్లను కూడా లాగేస్తుంది.

రెండో మెట్టు: తప్పు పుట్టిన చోటికి వెనక్కి నడవండి

ముందు కచ్చితంగా సరైన చోటు ఒకటి ఎంచుకోండి. చాలామంది గుడ్డను రెండుసార్లు మడిచి, మధ్య గడి నుంచి కుట్టడం మొదలుపెడతారు. వాళ్ళకి ఆ మధ్య కుట్టే ఆధారం. చార్ట్ అంచుల్లో ఉండే బాణం గుర్తులు చూపించేది కూడా ఆ మధ్య గడినే. నా బోర్డరుకి మాత్రం ఆధారం కింది ఎడమ మూల. అది కుడి మూలతో సమంగా ఉందని లెక్కపెట్టి చూసుకున్నాను.

ఆధారం దొరికాక ఒక్కొక్క గడీ లెక్కపెట్టుకుంటూ పోనక్కర్లేదు, సగాలు చేసుకుంటూ వెళ్ళండి. నా బొమ్మ ఎత్తు 140 గడులు. కింద నుంచి 70వ గడి దగ్గర చార్ట్‌తో పోల్చాను, సరిగ్గా ఉంది. 105 దగ్గర చూశాను, తప్పు. అంటే తేడా 70కి, 105కి మధ్య వచ్చింది. 90 దగ్గర తప్పు, 80 దగ్గర ఒప్పు. ఇక పది గడులే మిగిలాయి, వాటిలో కాడ దొరికింది. నాలుగు చోట్ల చూస్తే సరిపోయింది.

గళ్ళు లెక్కపెట్టేటప్పుడు కళ్ళను నమ్మకండి. రంగు వేరే ఉన్న మామూలు కుట్టు దారం సూదికి ఎక్కించి, గుడ్డ అంచు వెంబడి పది గళ్ళు పైన, పది గళ్ళు కింద వచ్చేలా పొడుగు టాకాలు వేయండి. అదే మీ కొలబద్ద, పనయ్యాక లాగేయొచ్చు.

తప్పు ఎలా వచ్చిందో గుర్తుపట్టడం

చోటు దొరికాక, ఎందుకు జరిగిందో అడగాలి. నాకు తరచూ ఎదురైన కారణాలు ఇవి.

లెక్క తప్పడం అన్నిటికంటే ఎక్కువ. ఒకే రంగు బారుగా వచ్చే చోట, ఎవరో పిలిస్తే లేచి వెళ్ళి వచ్చాక, చార్ట్‌లో ఒక పేజీ అయిపోయి ఇంకో పేజీ మొదలైన చోట ఇది జరుగుతుంది. పేజీ మారే చోటు ప్రత్యేకంగా చూడాలి. చాలా చార్టుల్లో ముందు పేజీలోని చివరి రెండు మూడు వరసలను తర్వాతి పేజీలో బూడిద రంగు వేసి మళ్ళీ ముద్రిస్తారు, ఎక్కడ అతకాలో తెలియడానికి. వాటిని కొత్త వరసలనుకుని కుట్టేస్తే బొమ్మ మొత్తం మూడు గళ్ళు సాగిపోతుంది. చార్ట్ చేతికి రాగానే ఆ వరసల మీద పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టేయండి.

రంగు తప్పడం రెండోది. డీఎంసీ కంపెనీ దారాల్లో 310 నలుపు, 3371 నలుపులో కలిసిపోయేంత ముదురు గోధుమ, 823 ముదురు నీలం. పగటి వెలుతురులో మూడూ వేరువేరు రంగులు. రాత్రి పసుపు బల్బు కింద మూడూ నలుపే. ఒక పిల్లి బొమ్మలో సగం వీపు 310తో, మిగతా సగం 3371తో కుట్టాను. పొద్దున్నే కిటికీ దగ్గరికి తీసుకెళితే వీపు మీద గీత గీసినట్టు రెండు రంగులు. అప్పటినుంచి కొత్త పని మొదలుపెట్టేముందు ఒక అట్టముక్కకి బెజ్జాలు చేసి, ప్రతి దారం ముక్కా ఒక బెజ్జంలో కట్టి, పక్కన నంబరూ, చార్ట్ గుర్తూ రాసుకుంటున్నాను. ముదురు రంగులు పగలే కుడతాను. ఇంకో సంగతి: పెద్ద పనికి నేపథ్యపు రంగు దారం మొత్తం ఒకేసారి కొనుక్కోండి. ఒక్కో లచ్చిలో 8 మీటర్లే ఉంటుంది. నంబరు ఒకటే అయినా, వేరే విడతలో అద్దకం వేసిన దారం కాస్త తేడాగా ఉండొచ్చు, ఆకాశం లాంటి చోట ఆ తేడా చారలా కనపడుతుంది.

పై కాలు దిక్కు మారడం మూడోది. ఒక్కో క్రాస్‌లో రెండు కాళ్ళు, కింద ఒకటి, దాని మీద ఒకటి. పైకాలు బొమ్మంతా ఒకే దిక్కుకి వాలాలి. అలా లేకపోతే వెలుతురు పడినప్పుడు ఆ చోటు మచ్చలా మెరుస్తుంది. ఒక్కో క్రాస్ పూర్తిచేస్తూ పోయే ఇంగ్లీష్ పద్ధతైనా, వరసంతా సగం కుట్లు వేసి తిరిగివస్తూ రెండో కాలు వేసే డేనిష్ పద్ధతైనా సరే, దిక్కు మారేది ఎక్కువగా గుడ్డను అడ్డంగా తిప్పి కుట్టినప్పుడే. గుడ్డ పై అంచున, బొమ్మకి దూరంగా, ఏదో ఒక రంగుతో ఒక పెద్ద క్రాస్ సరైన దిక్కులో కుట్టి ఉంచండి. కూర్చున్న ప్రతిసారీ ముందు దాన్ని చూడండి.

దారం తీరు నాలుగోది. కుట్లు పలచగా, మెలికలుగా వస్తున్నాయంటే దారం పొడుగెక్కువైందన్నమాట. మూర దారం చాలు, అంటే దాదాపు 45 సెంటీమీటర్లు. అంతకంటే పొడుగైతే గుడ్డలోంచి పోయిపోయి చివరికొచ్చేసరికి మెరుపు పోయి పీచు లేస్తుంది. లచ్చిలోని దారంలో ఆరు పోగులుంటాయి. 14 కౌంట్ గుడ్డకి, అంటే అంగుళానికి 14 గడులున్న గుడ్డకి, మామూలుగా రెండు పోగులు వాడతాం. ఆ రెంటినీ కలిపి ఒకేసారి లాగకుండా, ఒక్కో పోగూ విడిగా లాగి మళ్ళీ జతచేస్తే చిక్కుపడదు, కుట్టు నిండుగా పరుచుకుంటుంది. పది పన్నెండు కుట్లకోసారి సూదిని గాల్లో వేలాడదీస్తే మెలికలు వాటంతటవే విడిపోతాయి. గుడ్డలో బెజ్జాలు పెద్దవైపోతుంటే బిగించి లాగుతున్నారని అర్థం.

వెనక వైపు తప్పులు ముందు వైపుకి ఆలస్యంగా తెలుస్తాయి. ముదురు దారాన్ని కుట్లు లేని తెల్ల భాగం వెనక నుంచి లాక్కుపోతే, ఫ్రేమ్ కట్టాక అక్కడ నీడలా కనిపిస్తుంది. ముడులు వేస్తే గుడ్డ బిగించినప్పుడు ముందు వైపు బొడిపెలు లేస్తాయి. దారం కొసను వెనక మూడు నాలుగు కుట్ల కిందనుంచి దూర్చి కత్తిరించడం అలవాటు చేసుకోండి.

కుట్టు మొదలవ్వకముందే జరిగే తప్పు

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే దీనికి విప్పడం మందు కాదు. గుడ్డ చాలకపోవడం. లెక్క తేలికే: గళ్ళ సంఖ్యను గుడ్డ కౌంటుతో భాగించండి, అంగుళాలు వస్తాయి. 112 గళ్ళ వెడల్పు, 140 గళ్ళ ఎత్తు ఉన్న బొమ్మ 14 కౌంట్ ఐడా గుడ్డ (క్రాస్ స్టిచ్ కోసమే గళ్ళుగా నేసిన గుడ్డ) మీద 8 అంగుళాలు, 10 అంగుళాలు వస్తుంది. అదే బొమ్మ 18 కౌంట్ మీద సుమారు 6.2, 7.8 అంగుళాలకు దిగిపోతుంది. 28 కౌంట్ (అంగుళానికి 28 పోగులున్న) లినెన్ మీద రెండేసి పోగుల మీదుగా కుడితే మళ్ళీ 14 కౌంట్ లెక్కే.

ఇక అంచు. ఫ్రేమ్ కట్టడానికి ప్రతి పక్కా 3 అంగుళాలు వదలాలి. అంటే వెడల్పుకి ఆరు, ఎత్తుకి ఆరు కలపాలి. 8, 10 అంగుళాల బొమ్మకి 14, 16 అంగుళాల గుడ్డ. మూడే కలిపి గుడ్డ కోసేవాళ్ళు చాలామంది, నేనూ ఒకసారి కోశాను. బొమ్మ పైభాగం అంచుకి అర అంగుళం దూరంలో ఆగింది, ఫ్రేమ్ వెనక్కి మడవడానికి గుడ్డ లేదు. చివరికి నాలుగు పక్కలా వేరే గుడ్డ పట్టీలు మెషీన్ మీద కుట్టి అతికించి ఫ్రేమ్ కట్టించాను. మీకూ అలాగే అయితే ఆ దారి పనికొస్తుంది.

మూడో మెట్టు: విప్పాలా, వదిలేయాలా?

ప్రతి తప్పునూ విప్పాలన్న పట్టుదల నాకు లేదు. మీకూ వద్దనే చెబుతాను. నేను వేసుకునే మొదటి ప్రశ్న: ఈ తప్పు పాకుతుందా? చెట్టు గుబురులో ఒక ఆకు ఒక గడి పక్కకి వెళ్ళింది, దానికి ఇంకేదీ వచ్చి అతకదు. అది అక్కడే ఉండిపోతుంది, వదిలేయొచ్చు. ఇంటి గోడ అంచు ఒక గడి జరిగితే మాత్రం దాని మీద కిటికీ, పైన కప్పు, పక్కన మెట్లు అన్నీ జరగాలి. అది విప్పాల్సిందే, ఇవాళే విప్పాలి. రేపటికి ఇంకో రెండు వందల కుట్లు దాని మీద చేరతాయి.

రెండో ప్రశ్న: చూపు ఎక్కడ పడుతుంది? కన్ను, పెదవి, అక్షరం, నిలువు గీత. వీటిలో ఒక్క కుట్టు తేడా ఉన్నా కనపడుతుంది. పిట్ట కంట్లో తెల్ల చుక్క ఒక గడి పక్కకి పోతే అది వేరే వైపు చూస్తుంది. గడ్డి, మేఘం, బొచ్చు, నీళ్ళు చాలా తప్పుల్ని దాచుకుంటాయి.

మూడోది: గుడ్డ తట్టుకుంటుందా? ఐడా గుడ్డ ఒకటి రెండుసార్లు విప్పడాన్ని ఓర్చుకుంటుంది. అదే చోట మూడోసారంటే ఆలోచించాలి.

నా బోర్డరు విషయంలో ఈ మూడో ప్రశ్నే తేల్చింది. ఏడు గడుల కాడ దగ్గర్నుంచి మూలదాకా విప్పితే నాలుగు అంగుళాల తీగ పోతుంది. మూల దగ్గర గుడ్డ అప్పటికే నలిగి ఉంది. అందుకని ఏడు గడుల కాడను అలాగే ఉంచి, మూలకి ముందున్న ఆఖరి కాడను ఆరు నుంచి ఐదుకి తగ్గించాను. తీగ కలిసింది. సర్దుబాటు చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త: ఎక్కడ ఎన్ని గడులు మార్చారో చార్ట్ మీదే రాయండి. లేదంటే వారం తర్వాత ఆ సర్దుబాటే ఇంకో తప్పులా కనపడుతుంది.

పైకాలు దిక్కు మారిన కుట్లు ఒకటో రెండో ఉంటే విప్పనక్కర్లేదు. వాటి మీద సరైన దిక్కులో ఇంకో కాలు వేయండి. కొంచెం మందంగా ఉంటుంది, అంతే. అంతకంటే ఎక్కువుంటే విప్పడమే నయం.

నాలుగో మెట్టు: విప్పడం

ఇప్పుడే వేసిన నాలుగైదు కుట్లయితే సూదిని దారంలోంచి తీసేయండి. సూది బెజ్జం ఉన్న వైపుతో ఒక్కో కుట్టూ ఎత్తి, ముందు నుంచి, వెనక నుంచి వచ్చిన దారినే లాగండి. సూది ఎక్కించే ఉంచి వచ్చిన బెజ్జంలోకి తిరిగి గుచ్చాలని చూస్తే మొన పోగుల్లోంచి దూరిపోయి దారం అక్కడే ఇరుక్కుంటుంది.

ఎక్కువ కుట్లయితే ముందు గుడ్డ తిప్పి వెనక వైపు చూడండి. పక్కనున్న రంగుల కొసలు మీరు విప్పబోయే కుట్ల కింద దూరి ఉన్నాయేమో చూసుకోవాలి. ఉంటే అవి ఊడతాయి, వాటిని తర్వాత మళ్ళీ దూర్చాలి. ఇప్పుడు ముందు వైపుకి వచ్చి, కుట్టు పైకాలి కింద సూది దూర్చి కాస్త పైకి ఎత్తండి. దారం సూది మీద వంతెనలా లేస్తుంది. సన్న మొన ఉన్న చిన్న కత్తెర ఒక కొసను ఆ సందులో, సూదికి ఆనించి పెట్టి కత్తిరించండి. కత్తెరకి, గుడ్డకి మధ్య ఎప్పుడూ సూది ఉంటుంది కాబట్టి గుడ్డ తెగదు. ఐదారు కుట్లు కోశాక వెనక్కి తిప్పి, ముక్కలను ట్వీజర్‌తో ఏరేయండి. రాకపోతే గట్టిగా లాగకండి, ఎక్కడో ఇంకా ఒక పోగు తెగలేదన్నమాట.

విప్పాల్సిన భాగం రెండు చివర్లా ఒక్కో కొస కాస్త పొడుగ్గా మిగుల్చుకోవాలి, పక్క కుట్లు ఊడకుండా బిగించడానికి. కొస పొట్టిగా ఉంటే ముందు ఖాళీ సూదినే వెనక కుట్ల కింద దూర్చి ఉంచి, తర్వాత ఆ పొట్టి కొసను బెజ్జంలో ఎక్కించి లాగండి.

మిగిలిన పీచుని టేపు ముక్క అద్ది తీయండి. వేలితో రుద్దితే అది ఇంకా లోపలికి పోతుంది. సాగిన బెజ్జాలను గోటితో అటూ ఇటూ మెల్లగా గీరితే పోగులు దగ్గరికి జరుగుతాయి. మిగతాది చివర్లో తడి తగిలితే సర్దుకుంటుంది. విప్పిన దారాన్ని మళ్ళీ వాడకండి.

విప్పిన చోటు చూసి బాధపడేవాళ్ళకి ఒక పాత గుడ్డ సంగతి చెప్పాలనిపిస్తుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో జేన్ బాస్టాక్ అనే ఆమె కుట్టిన సాంప్లర్ (రకరకాల కుట్లు, నమూనాలు కుట్టి చూపే గుడ్డ) ఉంది. దాని మీద 1598 అని ఉంది. తేదీ ఉన్న బ్రిటిష్ సాంప్లర్లలో తెలిసినంతలో అదే మొదటిది. అందులో కొన్ని బొమ్మలు కుట్టి విప్పేసిన జాడలు నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా తెలుస్తాయి.

ఐదో మెట్టు: రాసుకోండి, ఒక్క అలవాటు మార్చండి

ఒక చిన్న నోటుబుక్కు కుట్టు సంచిలో పెట్టుకోండి. తేదీ, తప్పు ఏమిటి, ఎక్కడ పుట్టింది, అప్పుడు ఏం జరుగుతోంది. నాలుగు ముక్కలు చాలు. నా పుస్తకంలోంచి ఒకటి: "ఎడమ బోర్డరు, 84వ గడి. కాడ 6 బదులు 7. రాత్రి పదిన్నర. టీవీ చూస్తూ." పది పన్నెండు తప్పులు రాశాక వెనక్కి తిప్పి చదివితే, లెక్క తప్పులు దాదాపు అన్నీ రాత్రిపూటవే అని తేలింది. ఇప్పుడు రాత్రిళ్ళు ఒకే రంగు నింపే పనే పెట్టుకుంటాను. కొత్త భాగం పొద్దున మొదలుపెడతాను. మీ పుస్తకం మీకు వేరే సంగతి చెప్పొచ్చు.

ఒక్కో పనికి ఒక్క అలవాటే మార్చండి. లెక్క తప్పులు ఎక్కువైతే మొదట మార్చాల్సింది గ్రిడ్. గుడ్డ మీద పది గళ్ళకో గీత చొప్పున, చార్ట్‌లోని మందపు గీతలతో సరిపోయేలా గీసుకుంటే తప్పు పది గడులు దాటి పోదు. గ్రిడ్‌ను మామూలు దారంతో వేస్తే కుట్టేటప్పుడు సూది దాన్ని పొడిచి, తర్వాత లాగితే రాదు. సన్నటి గాలపు దారం వాడితే సూది దాన్ని పొడవదు, చివర్లో జారి వచ్చేస్తుంది. నీళ్ళలో పోయే పెన్నుతో గీస్తే, పూర్తిగా కడిగేదాకా ఇస్త్రీ తగలనీయకండి, వేడికి ఆ గీత పట్టేయొచ్చు. వేడికి మాయమయ్యే పెన్ను గీతలు చలికి మళ్ళీ తేలతాయి, అందుకే నేను దాన్ని వాడను. గ్రిడ్ వేశాక రెండుసార్లు లెక్కపెట్టండి. గ్రిడ్‌లోనే పదకొండు పడితే ఆ తప్పు బొమ్మంతటికీ ఎక్కుతుంది.

బోర్డరుకి ఇంకో పద్ధతి: చుట్టూ ముందు కింది కాళ్ళు మాత్రమే వేసుకుంటూ రండి. ఆఖరి మూల కలిసిందని చూసుకున్నాకే పైకాళ్ళు వేస్తూ రెండో చుట్టు తిరగండి. కలవకపోతే విప్పాల్సింది సగం కుట్లే. ఆ పదకొండు రోజుల తర్వాత నేను ఏ బోర్డరునీ ఇంకోలా కుట్టలేదు.

ఉతకడానికి ముందు, ఉతికేటప్పుడు

బ్యాక్ స్టిచ్ (అంచు గీతల కుట్టు), ఫ్రెంచ్ నాట్‌లు (చిన్న ముడి కుట్లు) క్రాస్‌లన్నీ అయ్యాకే. క్రాస్‌లో తప్పుంటే బ్యాక్ స్టిచ్ గీత అక్కడ కలవదు, కాబట్టి అదే ఆఖరి పరీక్ష. తర్వాత గుడ్డను కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. మరిచిపోయిన గడులు చుక్కల్లా మెరుస్తాయి.

చల్లని నీళ్ళలో, తేలికపాటి సబ్బుతో కాసేపు నాననివ్వండి. ముదురు ఎరుపు, నీలం, నలుపు మీద కన్నేసి ఉంచండి. రంగు దిగుతోందా? అప్పుడు గుడ్డను ఆరనివ్వకూడదు, వేడి తగలనివ్వకూడదు, మడిచి పక్కన పెట్టకూడదు. ధారగా పడే చల్లటి నీళ్ళ కింద పట్టి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగుతూనే ఉండండి. అరగంట పట్టినా సరే. తర్వాత తెల్లటి తువ్వాలు మీద పరిచి చూడండి. తువ్వాలుకి రంగు అంటితే మళ్ళీ నీళ్ళలోకే. రంగు అంటకపోతే పిండకుండా తువ్వాలులో చాపలా చుట్టి తేమ తీసేసి, ఇంకాస్త తడి ఉండగానే మరో పొడి తువ్వాలు మీద బొమ్మ కిందికి వచ్చేలా బోర్లించి, వెనక వైపు నుంచి ఇస్త్రీ చేయండి. కుట్లు తువ్వాలులోకి దిగి అణగకుండా ఉంటాయి. హూప్ గుర్తులు కూడా అప్పుడే పోతాయి.